సఫాయి అన్న మాట

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు మేం సూరత్ పక్కనున్న కడోదరాలో, మగ్గాల కార్ఖానా వెనక సందులో ఉండేవాళ్లం. నా భర్త ఆ కార్ఖానాలో మగ్గాలు నడిపేవాడు. నేను ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించేదాన్ని. ఆయన సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పనికోసం వచ్చినవాడు. నేను సూరత్‌లోనే పుట్టి, ఇక్కడి తెలుగు బడిలో పదో తరగతి దాకా చదువుకున్నాను. నాకు హిందీ, గుజరాతీ బాగా వచ్చు. ఆయనకు కార్ఖానాలో పని నడిచేంత హిందీ మాత్రమే వచ్చు. అందువల్ల డాక్టర్లు చెప్పే ప్రతి మాటా ముందు నా చెవిన పడేది. దాన్ని తెలుగులోకి మార్చి ఆయనకు చెప్పడం నా పని.

ఆయనకు జ్వరం, దగ్గు, ఆయాసం వచ్చాయి. ఒక కల్యాణమండపంలో మంచాలు వేసి ఆక్సిజన్ పెడుతున్నారంటే అక్కడ చేర్చాం. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఊపిరి తేలికైంది. ఇంటికి పంపేటప్పుడు షుగర్ ఎక్కువగా ఉందని చెప్పి, కాగితం మీద కూడా రాశారు. షుగర్ ముసలివాళ్ల జబ్బు అనుకునేదాన్ని. ఆయనకు నలభై ఇంకా నిండలేదు. బతికి ఇంటికొచ్చాడు, అంతే చాలనుకున్నాను.

తర్వాతి వారం ఒక పొద్దున ఆయన గడ్డం గీసుకుని బయటికొచ్చాడు. కుడి చెంప మీద నుంచి రక్తం కారి బనియన్ తడిసింది.

"అగో, తెగింది చూడు," అన్నాను.

ఆయన చెయ్యి పెట్టి చూసుకున్నాడు. "తెలుస్తలేదే. ఈ దిక్కు చెంప నాది కానట్టున్నది."

అదే రోజు రొట్టె తింటుంటే పైపన్ను కదిలింది. ఆ పక్క పన్ను కూడా కదిలింది. పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆ డాక్టరు నోట్లోకి లైటు వేసి అంగిలి చూశాడు. మళ్లీ చూశాడు. చేతిలోని సాధనం ట్రేలో పెట్టేసి, ఆయనతో కాకుండా నాతో అన్నాడు: "ఇది పంటి నొప్పి కాదు. ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లండి. రేపు కాదు, ఇప్పుడే."

"ఏమంటుండే?" అని ఆయన అడిగాడు.

"పన్ను కాదట," అన్నాను. అంతకన్నా నాకూ తెలియదు.

ఆసుపత్రిలో ముక్కులోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. దాన్ని బయాప్సీ అంటారని నర్సు చెప్పింది. ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరమ్మ నాకు గుజరాతీలో వివరించింది. కరోనా తగ్గాక, షుగర్ పెరిగిన ఒంట్లో పుట్టే ఫంగస్ ఇది అంది. నాకు అర్థం కాలేదని చూసి 'ఫూగ్' అంది. ఆ మాట నాకు తెలుసు. పాత రొట్టె మీద, వానకు నానిన గోడ మీద పట్టే బూజు.

మంచం దగ్గరికొచ్చి ఆయనకు చెప్పాను. "నీ ముక్కుల బూజు పట్టిందట."

ఆయన నవ్వాడు. "ముక్కుల బూజేంది? ఇల్లు దులిపినట్టు దులుపుతరా?"

"ఆపరేషన్ చేసి సఫాయి చేస్తరట."

డాక్టరమ్మ వాడిన మాటే అది. సఫాయి చేయాలి, ఆలస్యం చేయొద్దు అంది. సఫాయి అంటే మా ఇద్దరికీ తెలిసినది ఒకటే. మగ్గాల కింద పేరుకున్న పోగుల దుమ్ము ఊడ్చడం. ఆయన ముఖం తేటపడింది. "గంతేనా? చెయ్యమను," అన్నాడు. కాగితం మీద ఇంగ్లీషులో పొడుగాటి మాట రాసి ఉంది. నర్సు 'డిబ్రైడ్‌మెంట్' అని చదివింది. అంటే ఏమిటని అడిగాను. సఫాయే అంది. సంతకం చేశాం.

ఆపరేషన్ గది నుంచి ఆయన్ను తెచ్చినప్పుడు ముక్కులో గొట్టం, నోటి నిండా గాజుగుడ్డ. కుడి చెంప లోపలికి పోయింది. లోపలి ఆసరా తీసేస్తే పైచర్మం జారినట్టుంది. నేను డాక్టరమ్మ వెనకే పరుగెత్తాను.

"సఫాయి అన్నారు కదా మేడమ్?"

ఆమె నిలబడింది. మాస్కు వల్ల కళ్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆ కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. "పైదవడ కుడివైపు ఎముక చచ్చిపోయింది. అంగిలి సగం, పళ్లు కూడా తీసేశాం. చచ్చిన దాన్ని వదిలేస్తే పాకుతుంది. దాన్నే మేం సఫాయి అంటాం," అంది.

మెలకువ వచ్చి, నోట్లోని గాజుగుడ్డ తీశాక ఆయన నాలుకతో వెతుక్కున్నాడు. నాలుకకు ఏమీ తగలలేదు. నావైపు చూసి ఏదో అన్నాడు. మాట మొత్తం ముక్కులోంచి వచ్చింది. ఒక్క అక్షరం తెలియలేదు. కానీ ఏం అడిగాడో తెలిసింది.

"దౌడ తీసిండ్రు. పండ్లు కూడ," అని చెప్పాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఆ వార్డులో అందరికీ ఒకే జబ్బు. అందరి ముఖాలకూ కట్లు. పసుపు రంగు మందు సీసాలోంచి బొట్టుబొట్టుగా ఎక్కించేవాళ్లు. అది ఎక్కుతుంటే చలి పుట్టి, ఒళ్లంతా వణికి, ఇనుప మంచం చప్పుడు చేసేది. నేను రెండు దుప్పట్లు కప్పి, మీద నా చేతులు ఆనించి కూర్చునేదాన్ని. ఆ మందు కిడ్నీలను కొడుతుందని రోజూ రక్తం తీసేవాళ్లు. క్రియాటినిన్ ఎంత, పొటాషియం ఎంత అని నేనే అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాను. మందు దొరకని రోజు వార్డులోని రోగుల బంధువులంతా మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేవాళ్లు.

పక్క మంచం మీద వరాఛాలో వజ్రాలు సానబట్టే మనిషి ఉండేవాడు. ఆయన భార్యా నేనూ ఒకే స్టీలు డబ్బాలోని కిచిడీ తినేవాళ్లం. ఒక పొద్దున నేను మందుల కోసం కిందికి వెళ్లి వచ్చేసరికి ఆ మంచం మీద కొత్త దుప్పటి పరుస్తున్నారు. ఎక్కడికి మార్చారని అడిగాను.

"ఎక్స్‌పైర్ అయిపోయాడు," అన్నాడు దుప్పటి పరిచేవాడు.

అంతవరకూ ఆ మాట నేను మాత్రల అట్టల మీదే చూశాను. మనుషుల గురించి కూడా అంటారని తెలియదు. అప్పటికే వెళ్లిపోయిన అతని భార్యకు ఒక మాటైనా చెప్పలేకపోయాను. నా భర్త ఆ మంచం వైపు చూసి, నా వైపు చూశాడు. "ఇంటికి పంపిండ్రట," అన్నాను. ఆయన నమ్మలేదు.

ఆ తర్వాత కుడి కన్ను ఉబ్బింది. రెప్ప తెరుచుకోవడం మానేసింది. మళ్లీ స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, "ఇంకోసారి సఫాయి చేయాలి," అంది.

"ఆ మాట వద్దు మేడమ్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఏమేం తీస్తారో పేరు పెట్టి చెప్పండి. నేను పోయి ఆయనకు చెప్పాలి."

ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుని, చేతి తొడుగుతోనే తన ముఖం మీద చూపించింది. "కనుగుడ్డు. రెప్పలు రెండూ. గుడ్డు వెనకున్న కండ. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా."

"తీయకపోతే?"

"మెదడుకు పాకుతుంది."

"తీస్తే బతుకుతాడా?"

"మాట ఇవ్వలేనమ్మా," అంది.

నేను వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా ముఖం మీదే వేలు పెట్టి చూపించాను. ఆయన విన్నాడు. అప్పటికి ఆయన మాట నాకు కొంచెం తెలుస్తోంది.

"మగ్గం?" అన్నాడు.

"ఒక్క కన్నుతోని నడిపెటోళ్లు లేరా?"

"లేరు."

నిజమే. నాకు తెలిసినంతలో ఎవరూ లేరు. కాసేపయ్యాక ఆయన ఫోన్ చూపించి, "బిడ్డ," అన్నాడు.

మా బిడ్డకు ఆరేళ్లు. కామ్‌రేజ్‌లో మా మరిది ఇంట్లో ఉంచాం. ఆసుపత్రిలో చేరినప్పటి నుంచీ ఆయన వీడియో కాల్ వద్దనేవాడు. ఆ రోజు తనే అడిగాడు. ముక్కు కింది నుంచి తువాలు చుట్టుకున్నాడు. ఉబ్బిన కన్ను కనపడకుండా ముఖం పక్కకు తిప్పి ఫోన్ పట్టుకోమన్నాడు.

"పప్పా! చిన్నాయనోళ్ల ఇంట్ల బిలాడీకి పిల్లలైనయి. ఒకటి కాలీ, ఒకటి సఫేద్. జర పెద్దగైనంక మనింటికి తెచ్చుకుందామా?"

ఆయన తల ఊపాడు. అది ఆ నల్ల, తెల్ల పిల్లి పిల్లల గురించి చెప్పినంతసేపూ ఊపుతూనే ఉన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆపరేషన్ కాగితం తెమ్మని సైగ చేసి, తనే సంతకం చేశాడు.

బతికాడు. వానలు మొదలయ్యాక ఇంటికి తెచ్చుకున్నాం. అంగిలిలో పెట్టుకునే ప్లేటు ఒకటి చేసి ఇచ్చారు. అది లేకుండా నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేస్తాయి. కన్ను ఉన్న చోట తొడ చర్మం తెచ్చి కప్పారు. కార్ఖానా వైపు పోలేదు. నాతో పాటు రాళ్లు అంటించబోయాడు కానీ, ఒంటి కన్నుకు దూరం తెలియక జిగురు ఒక చోట, రాయి ఒక చోట పడేవి. చివరికి చీరలు మడతపెట్టి డబ్బాల్లో సర్దే పని దొరికింది. అక్కడ ఎవరితోనూ మాట్లాడే అవసరం ఉండదు.

భివండీలో ఉన్న ఆయన అక్క అప్పుడప్పుడు నాకే ఫోన్ చేసి బాగోగులు అడిగేది. ఒక ఆదివారం నేను చెయ్యి ఖాళీ లేక ఆయనకే ఫోన్ ఇచ్చాను. ఆయన రెండు మాటలు మాట్లాడి ఫోన్ తిరిగి నా చేతికిచ్చాడు.

"ఎవలే వాళ్లు? ఎవలో ముక్కుతోని మాట్లాడుతుండ్రు. తమ్మునికియ్యి జర," అంటోంది ఆమె.

"ఆయనే వదినె," అన్నాను.

ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. ప్లేటు జారకుండా నాలుకతో పైకి నొక్కి పట్టుకుని, మాట మాటకూ ఆగుతూ అన్నాడు.

"అక్కా. నేనే. తిన్నవా?"

ఆమె ఏడుపు నాకూ వినపడింది. ఆమె ఏడుస్తున్నంతసేపూ ఆయన ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఏడుపు తగ్గాక మళ్లీ అడిగాడు.

"తిన్నవా?"