రెండూ మగవే

నాయన మంచాన పడ్డాక, చూస్తూ పొద్దుపుచ్చుతాడని హిందూపురం అంగడిలో జత గప్పీ చేపలు అడిగాను. తోకలకు మంచి రంగులున్న రెండింటిని నేనే ఏరుకున్నాను. అంగడాయన మారుమాట లేకుండా కవర్లో వేసిచ్చాడు. ధర్మవరం తెచ్చి మంచం పక్కనే గాజు తొట్టిలో వదిలాను. ఇవి గుడ్లు పెట్టవని, పిల్లల్నే కంటాయని నాయనకు చెప్పాను.

"ఈపొద్దన్నా ఈనిందా?" అని మూడు నెలలు రోజూ అడిగాడు.

మళ్లీ అంగడికి పోతే ఆయన నవ్వాడు. "రంగుండేవి మగవప్పా. ఏరుకునిందే నువ్వు, నన్నడిగితే కదా?"

జత అని అడగలేదా నేను?

పొట్ట కింద చూలు గుర్తుగా నల్లమచ్చ ఉన్న ఆడచేపను తెచ్చాను. నాయన పోయిన మూడోనాడు అది ఈనింది. కర్మల హడావుడిలో ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రానికి పెద్ద చేపలు పిల్లలన్నిటినీ తినేశాయి.

ఆ అంగడి మెట్టు మళ్లీ ఎక్కలేదు.