రెండుసార్లు చుట్టిన మోటారు

రాజాంలో మా నాన్నకు మోటార్లు చుట్టే కొట్టు ఉండేది. కాలిపోయిన పంపుసెట్టు మోటార్లలోంచి మాడిన తీగ కోసి తీసేసి, కొత్త రాగి తీగ చుట్టి ఇవ్వడం ఆయన పని. ఇంటర్ సెలవుల్లో ఊరికే వెళ్లి కూర్చునేదాన్ని. డిగ్రీ అయ్యేసరికి చుట్టేది నేనే. షుగరు వల్ల నాన్న చూపు మసకబారింది. తీగ దూర్చే ఇనుప గాడి ఎక్కడుందో వేలితో తడుముకోవలసి వచ్చేది. ఈ సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు. కొట్టులో సగం ఎత్తు గోడ ఒకటి ఉంది. దాని వెనక నేను చుట్టేదాన్ని. ముందు బల్ల దగ్గర ఆయన కూర్చుని రైతులతో మాట్లాడేవాడు.

నిజం చెప్పాలంటే ఆ గోడ నాకు మొదట్లో హాయిగానే ఉండేది. కొత్తవాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. గాడుల్లో పరిచే నీలం కాగితం ముక్కలు మిగిలితే నా లైబ్రరీ పుస్తకాల్లో గుర్తులుగా పెట్టుకునేదాన్ని. ఇంటికి వెళ్లాక డైరీలో రాసేదాన్ని: ఈరోజు మూడు హెచ్‌పీ, ఒక్క తీగ కూడా గీసుకోలేదు.

విశాఖపట్నంలో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తున్నట్టు మెయిల్ పంపింది. శుక్రవారంలోగా జవాబివ్వాలి. డైరీ పేజీ మధ్యన గీత గీసి రెండు వైపులా రాయడం మొదలుపెట్టాను. ఉద్యోగం వైపు నిండిపోయింది: ఏసీ గది, హాస్టలు దగ్గర పెద్ద లైబ్రరీ, అమ్మ నలుగురిలో చెప్పుకోవడానికి ఒక మాట. మోటార్ల వైపు ఒక్కటే రాయగలిగాను: స్విచ్ వేయగానే తిరుగుతుంది. ఎన్నిసార్లు చదివినా ఆ ఒక్కటే నన్ను లాగింది. ముందు బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టమని నాన్నని అడగాలనుకున్నాను. సోమవారం అడగలేదు. మంగళవారం కూడా నోరు రాలేదు.

బుధవారం కరెంటు పోయింది. గోడ వెనక ఏమీ కనపడక, చేతిలోని పనితో గుమ్మంలోకి జరిగాను. అది ఒక రైతు అయిదు హెచ్‌పీ మోటారు. కరెంటు పోకముందే టెస్టు లైటు పెట్టి చూశాను. వెలగలేదు, అంటే తీగ ఇనుముకు ఎక్కడా తగల్లేదు. ఇక దారంతో కట్టి వార్నిష్‌లో ముంచడమే మిగిలింది. కడుతూ ఉండగానే ఆ రైతు వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. మొక్కజొన్న ఎండిపోతోందని పొద్దున్నుంచి రెండుసార్లు ఫోన్ చేసిన మనిషి.

"ఏటి బావా, ఈ గుంట సేత సుట్టిత్తన్నావేటి నా మోటారు?"

నాన్న నవ్వేశాడు. "దారం కడతన్నాది బావా, సరదాకి. సుట్టింది నానే."

"నాకు కళ్లు లేవనుకున్నావేటి? ఆ వేళ్లు సూడు, ఎలగ తిరుగుతున్నాయో. సరదాకి తిరిగే వేళ్లా అవి?" ఆ మాట ఎవరైనా మెచ్చుకోలుగా అనాల్సింది. ఆయన తప్పు పట్టుకున్నట్టు అన్నాడు. "ఆడగుంట సుట్టింది నూతిలో దించితే రెండు దినాలు ఆడతాదా? తీసీ అదంతా. నీ సేత్తో సుట్టు. కాదంటావా, సీపురుపల్లి కొట్టుకి అట్టుకుపోతాను."

"సేను ఎండిపోతన్నాదన్నావు కదేటి?"

"ఇంకో రోజు ఎండనీ."

నాన్న నా చేతిలోంచి దారం తీసుకున్నాడు. ఉలి, సుత్తి అందుకున్నాడు. నేను పక్కకి జరిగాను. నాలుగు దెబ్బలకు ఒకవైపు కాయిళ్లు తెగి పడ్డాయి. కాలని తీగ తెగితే లోపల కొత్త రాగి ఎర్రగా మెరుస్తుంది. అప్పటిదాకా అది నాకు తెలియదు.

రైతు తృప్తిగా టీ తాగి వెళ్లాక నాన్న అన్నాడు: "ఏటి సేత్తామమ్మా. ఆడు నలుగురికీ సెప్తే మన కొట్టుకి ఎవులొత్తారు? లోపల కూసో. మళ్లీ సుట్టీ."

కరెంటు వచ్చాక లోపల కూర్చుని మళ్లీ చుట్టాను. అదే తీగ, అన్నే చుట్లు, అవే వేళ్లు.

గురువారం సాయంత్రం రైతు వచ్చాడు. నాన్న స్విచ్ వేశాడు. తిరుగుతున్న మోటారు మీద రైతు అరచేయి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ఇదీ సెయ్యంటే. నిన్నటిదానికీ దీనికీ తేడా లేదేటి, నువ్వే సెప్పు బావా!"

"ఉంటాది మరి," అన్నాడు నాన్న, గోడ వైపు చూడకుండా.

గోడ వెనకే ఫోను తీసి, వస్తాను అని మెయిల్ పంపాను. అడగాలనుకున్నది అడగనే లేదు. చెప్పినప్పుడు నాన్న, "ఎల్లమ్మా, అక్కడైతే నీ పనికి విలువుంటాది," అన్నాడు. ఉండిపో అనే మాట కోసం బస్సు కదిలేదాకా ఆయన ముఖం చూస్తూనే ఉన్నాను.

ఆఫీసులో నా పని ఏమిటంటే, ఎక్కడో ఎవరికో బిల్లు తప్పు పడితే సరిచేసి ఫిర్యాదు మూసేయడం. మూశాక తెరమీద మరొకటి వస్తుంది. ఏదీ తిరగదు, ఏదీ చప్పుడు చేయదు. తీగ కోసిన గాట్లు మానిపోయి నా వేళ్లు ఇప్పుడు అందరి వేళ్లలాగే ఉన్నాయి. నేను వచ్చిన ఏడాదికే నాన్న కొట్టు మూసేశాడు.

మొన్న ఇంటికి వెళ్లి తిరిగి వస్తుంటే రాజాం బస్టాండులో ఆ రైతు కనిపించాడు. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

"మీ నాన్న సుట్టిన మోటారు ఇప్పటికీ ఆడతన్నాదమ్మీ. తరవాత కొన్న కొత్తదే రెండుసార్లు కాలిపోనాది. అలాటి సెయ్యి మరి పుట్టదు. నీకొక అన్నో తమ్ముడో ఉంటే ఆ పని నిలబడును. నువ్వేటి సేత్తన్నావు?"

"కంప్యూటర్ పని."

"మంచి పని. నీడపట్టున కూసుంటావు."

అప్పుడు, ఎందుకో, నా గొంతు పెగిలింది. "ఆ మోటారు నేనే చుట్టాను మావా. రెండుసార్లూ నేనే."

ఆయన నా వైపు ఒక్క క్షణం చూసి పెద్దగా నవ్వాడు. పక్కనున్న మనిషి భుజం తట్టి, "ఇన్నావా, గుంట ఏటంటన్నాదో! నోట్లో మాటుండేది కాదు, పట్నం ఎల్లి ఏళాకోళాలు కూడా నేర్సుకున్నాది," అన్నాడు.

నవ్వుతూనే తన బస్సు ఎక్కాడు.