కుచ్చిళ్ళ కొలత

పెళ్ళిళ్ళకు వచ్చేవాళ్ళ బట్టల గురించి నేను ఇరవై ఏళ్ళు సణిగాను. ఆ ఇరవై ఏళ్ళూ మా ఆవిడ అదే మనుషులకు చీరలు ఇస్త్రీ చేసి, కుచ్చిళ్ళు పెట్టి ఇచ్చింది. ఈ రెండు పనులూ ఒకే ఇంట్లో ఎలా సాగాయో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

మేము ఐర్లండ్‌లో డబ్లిన్ దగ్గరి నేస్‌కి వచ్చిన కొత్తలో తెలుగు పెళ్ళి అంటే ఏడాదికి ఒకటి జరిగితే గొప్ప. చర్చి పక్కన హాలు అద్దెకు తీసుకునేవాళ్ళు. వానలో ఆడవాళ్ళు పట్టుచీర మీద పొడుగు కోటు, కాళ్ళకు బూట్లు వేసుకుని వచ్చి, లోపల ఒక మూలన చెప్పులు మార్చుకునేవాళ్ళు. మగవాళ్ళలో కొందరు చలికి వణుకుతూనే పంచె కట్టేవాళ్ళు. కొన్నేళ్ళకు హాల్లో కూడా కోటు విప్పడం మానేశారు. ఆ తర్వాత కోటు కింద చీర కట్టడం మానేశారు. గుడ్డ ఒకటే అయినా ముందే కుట్టేసి, జిప్పు పెట్టేసిన చీరలు వచ్చాయి. శుభలేఖల మీద 'స్మార్ట్ క్యాజువల్' అని అచ్చు వేయడం మొదలైంది. ఐరిష్ వాళ్ళు మాత్రం సూటు, టై, టోపీతో ముందు వరుసల్లో బుద్ధిగా కూర్చునేవాళ్ళు. వాళ్ళను చూసి నాకు సిగ్గేసేది.

ఒక పెళ్ళికి ఒకతను కౌంటీ ఫుట్‌బాల్ జట్టు జెర్సీలో వచ్చాడు. కూతురి మ్యాచ్ చూసి నేరుగా వచ్చాడట. మోకాళ్ళ దాకా బురద.

"పెళ్ళికొచ్చాడా, పొలానికొచ్చాడా?" అన్నాను, తిరిగి కారెక్కాక.

"వచ్చి బల్లలన్నీ ఒక్కడే మోశాడు. మీరు ఇస్త్రీ చొక్కాలో కూర్చుని చూశారు," అంది మా ఆవిడ.

ఆమెతో వాదన ఎప్పుడూ అక్కడే ఆగిపోయేది.

పెళ్ళి ముందు రోజు చీరలు మా ఇంటికి వచ్చేవి. కట్టుకోవడం రాని పిల్లలవి, వచ్చినా తీరిక లేని తల్లులవి. ముందుగా కుచ్చిళ్ళు పెట్టి, పిన్నులు గుచ్చి, హ్యాంగరుకు తగిలిస్తే మర్నాడు అయిదు నిమిషాల్లో కట్టుకోవచ్చు. దానికి నడుము కొలత కావాలి. మా ఆవిడ టేపు వాడేది కాదు. చీర తెచ్చిన మనిషిని రెండు చేతులతో కావలించుకునేది. చేతులు వెనక ఎంత దాకా వెళ్ళాయో చూసుకుని, "సరే, వెళ్ళు" అనేది. కొలత అయిపోయినట్టే. ఎక్కడా రాసుకునేది కాదు.

నా పని కింద కూర్చుని అంచు పట్టుకోవడం. ఆమె పైన మడత వేస్తుంటే కింద అంచులన్నీ ఒకే గీత మీదకు తెచ్చి, ఇస్త్రీ పెట్టె వచ్చేదాకా కదలకుండా పట్టుకోవాలి. చదువుతున్న పుస్తకం సోఫా మీద బోర్లా పెట్టి వెళ్ళేవాడిని. గొణుక్కుంటూనే వెళ్ళేవాడిని.

పోయిన చలికాలంలో ఆమె చనిపోయింది. జబ్బు తెలిసిన నాలుగు నెలలకు. ఆ రోజు దహనవాటికకు ఎవరు ఏం వేసుకొచ్చారో నాకు గుర్తు లేదు. అలా గుర్తు లేకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఆమె ఒక మాట బాకీ ఉంచి వెళ్ళింది. మా పక్క వీధిలో ఉండే వరంగల్ మిత్రుడి కూతురు మెయ్‌నూత్‌లో చదువుకునేటప్పుడు ఒక ఐరిష్ అబ్బాయిని ఇష్టపడింది. వాళ్ళది కాజిల్‌బార్ దగ్గర పశువులున్న పల్లె. అబ్బాయి తల్లి మొదటిసారి వీళ్ళింటికి వచ్చినప్పుడు మేమూ వెళ్ళాం. పెళ్ళిలో వియ్యపురాలికి చీర పెట్టడం మన ఆచారమని ఎవరో చెప్పారు. ఆవిడ భయపడిపోయింది. చీర ఇస్తే కట్టుకోవాలి, కట్టుకోకపోతే అమ్మాయి వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, కట్టుకుంటే నలుగురిలో ఊడిపోతుంది. మా ఆవిడ లేచి వెళ్ళి ఆవిడను కావలించుకుంది. "ఊడదు. అది నా పూచీ," అని ఇంగ్లీషులో చెప్పింది.

పెళ్ళి దగ్గర పడ్డాక మిత్రుడు మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, ఏడాది తిరిగేదాక శుభకార్యాలకు రావని నాకు ఎరుకే. నేను బలవంతం చెయ్య. గని వదిన మాటిచ్చింది గదా. ఆ అమ్మ ఫోన్ జేసినప్పుడల్లా గదే అడుగుతున్నది. గా చీర ముచ్చట ఒక్కటి నువ్వే చూడాలె."

"నేనా? నేను అంచు పట్టుకునేవాణ్ణి."

"మా ఇంట్ల గదిగూడ ఎవరికీ రాదన్నా."

అది నిజమే. వాళ్ళింట్లో అందరూ జిప్పు చీరలే తెప్పించుకున్నారు.

పెళ్ళి ముందు రోజు ఆవిడకు పెట్టే చీర భోజనాల బల్ల మీద పరిచాను. ముదురాకుపచ్చ, సన్నని అంచు. మడత వేస్తుంటే ఆమె చెయ్యి ఉండాల్సిన చోట బరువు కావాల్సి వచ్చింది. షెల్ఫులోంచి లావుపాటి పుస్తకాలు తెచ్చి పెట్టాను. పైన నేనే, కింద నేనే. బల్ల చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. మూడు గంటలు పట్టింది. ఆమెకైతే ఇరవై నిమిషాలు. అయినా చూడ్డానికి బాగానే వచ్చాయి. తొమ్మిది కుచ్చిళ్ళు.

మర్నాడు పొద్దున హోటల్‌కు తీసుకెళ్ళాను. చీర అందజేసి, హాల్లోకి వెళ్ళకుండా వెనక్కి వచ్చేయాలని నా ఉద్దేశం. పెళ్ళికొడుకు తల్లికి కట్టడానికి మా ఆవిడ స్నేహితురాలు వస్తానంది. గుంటూరు వైపు మనిషి, వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ళను చూసుకునే ఉద్యోగం. ఆసుపత్రి చివరి రోజుల్లో మా ఆవిడకు తల దువ్వింది ఈమే. కారిడార్లో పరుగున వచ్చింది. ఒంటి మీద డ్యూటీ బట్టలే ఉన్నాయి, జేబుకు పేరు బిళ్ళతో సహా.

ఆ బట్టల వంకే చూసి ఉంటాను.

"అట్టా చూడమాకండి అన్నయ్యగారూ. నా తర్వాత రావాల్సిన పిల్ల లేటు. చీర కార్లోనే ఉంది. అది కట్టుకునే టైములో ఈవిడకి కట్టొచ్చని వచ్చేశా," అని హ్యాంగరు అందుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నేను వెళ్ళిపోవచ్చు. ఎందుకో నిలబడ్డాను. ఊడిపోదని పూచీ ఇచ్చింది మా ఇంటి మనిషి. కాసేపటికి లోపలి నుంచి పిలుపు వచ్చింది.

"అన్నయ్యగారూ, ఉన్నారా? కుచ్చిళ్ళు ముందుకి రావట్లేదండీ. తుంటి దగ్గరే ఆగిపోయినయ్యి."

"కొంచెం గట్టిగా లాగమ్మా."

"ఎవర్ని? చీరనా, ఈవిడనా?"

లోపల ఐరిష్ ఆవిడ ఏమైందని అడిగింది. "యూ ఆర్ గ్రాండ్, డోంట్ మూవ్," అని ఈమె సర్దిచెప్పింది. మళ్ళీ నాతో, "పైట కూడా చాలట్లేదండీ. నాకు కట్టుకోవటమే వచ్చుగానీ విప్పి మళ్ళీ పెట్టటం రాదు. అసలు ఏ కొలతకి పెట్టారు?"

తలుపు ఇవతల నాకు అప్పుడు తెలిసింది. నేను ఏ కొలతా తీసుకోలేదు. తీసుకోవాలన్న ఆలోచనే రాలేదు. గుడ్డ ఎంత వదలాలో, మడత ఎక్కడ మొదలవ్వాలో చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. నా చేతులకు తెలిసిన నడుము ఒక్కటే. నిన్న మూడు గంటలు నేను ఈవిడకు కాదు, మా ఆవిడకు చీర సిద్ధం చేశాను.

"అన్నయ్యగారూ?"

"తప్పు చేశానమ్మా. మా ఆవిడ కొలతకి పెట్టాను."

లోపల ఈమె మెల్లగా ఇంగ్లీషులో ఆవిడకు చెప్పడం వినిపించింది. తలుపు తెరుచుకుంది. ఐరిష్ ఆవిడే తీసింది. రవిక, లంగా, దాని మీద సగం చుట్టిన ఆకుపచ్చ చీర, భుజాల మీద హోటల్ తువ్వాలు. పొడుగు మనిషి, కష్టం చేసిన భుజాలు.

"అంచు పట్టుకోవడం తన భర్త పని అని మీ ఆవిడ నాకు చెప్పింది," అంది. "మరి మీరు తలుపు బయట ఏం చేస్తున్నారు?"

నేను తటపటాయించాను.

"చూడండి, నేను అయిదుగురిని కన్నాను. ఆవులకు పురుడు పోస్తాను. నాకు సిగ్గు ఎప్పుడో అయిపోయింది. లోపలికి రండి."

"రండి అన్నయ్యగారూ, పదకొండుకి ముహూర్తం," అంది ఈమె.

వెళ్ళి కింద కూర్చున్నాను. నడుము దగ్గరి పిన్ను తీయించి, మూడు కుచ్చిళ్ళు విప్పించాను. విప్పిన గుడ్డ చుట్టూ తిరిగి వచ్చాక మిగతా ఆరూ సరిగ్గా బొడ్డు దగ్గరకు చేరాయి, పైటా చాలింది. ఈమె దోపింది. నేను అంచులు ఒకే గీత మీదకు లాగి పట్టుకున్నాను. బరువు నిలుపుకోవడానికి ఐరిష్ ఆవిడ చెయ్యి చాచి, దేనిమీద వేయాలో తెలియక, నా తల మీద వేసింది. మా ఆవిడ కూడా తను కట్టుకునేటప్పుడు అలాగే వేసేది. సర్దడం అయిపోయాక కూడా నేను అంచు వదల్లేదు. ఇద్దరూ నన్ను తొందరపెట్టలేదు. ఆ రోజు నాకు ఎవరైనా చేసిన మేలు ఉందంటే మొదటిది అదే.

ఆవిడ అద్దంలో చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"మీ ఆవిడ నన్ను కావలించుకున్నప్పుడు మీ వాళ్ళ పద్ధతి ఇదేమో అనుకున్నాను," అంది. "మావైపు ఎవరూ అలా కావలించుకోరు. తర్వాత అమ్మాయి చెప్పింది, అది కొలత తీసుకోవడమని. నాకు కొంచెం నిరాశ కలిగింది."

"రెండూ ఒకటే ఆమెకు," అన్నాను.

ఆవిడ తల ఊపి, మండపం మెట్ల దాకా వెనక నడుస్తూ అంచు కనిపెట్టుకుని ఉండమని అడిగింది. పని తలుపు దగ్గర అయిపోలేదని అర్థమైంది. ముందు ఆవిడ, వెనక నేను, నా వెనక ఈమె. హాలు గుమ్మంలో మిత్రుడు ఎదురొచ్చాడు. పట్టుపంచెలో ఉన్నాడు. వియ్యపురాలికి దణ్ణం పెట్టి, నన్ను చూసి ఆగిపోయాడు. అప్పుడు నన్ను నేను చూసుకున్నాను. మోచేతుల దగ్గర సాగిన పాత స్వెటరు, తోటపని ప్యాంటు, కార్పెట్ మీద కూర్చున్నందుకు మోకాళ్ళకు దుమ్ము.

"ఏందన్నా, గిదేనా పెళ్ళికొచ్చే డ్రెస్సు? ఇరవై ఏండ్ల సంది మమ్ముల తిట్టినవ్ గదా!"

"పోతున్నాలే."

"ఎటు పోతవ్? ఆమె మెట్లు దిగేటప్పుడు అంచు ఎవలు చూస్తరు? కూసో."

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. అందులో ఎగతాళి లేదు. నన్ను చూసి చాలా రోజులైంది వాళ్ళకు. ఏడాది తిరగని మనిషిని ఎందుకు వచ్చావని ఒక్కరూ అడగలేదు. నేనూ డ్యూటీ బట్టల్లో ఉన్న చెల్లెమ్మా చివరి వరుసలో కూర్చున్నాం.

మంగళసూత్రాన్ని పెద్దలు తాకడానికి పళ్ళెంలో తిప్పుతున్నారు. వియ్యపురాలిని పిలిచారు. ఆవిడ లేచి, ఎడం చేత్తో కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని మూడు మెట్లు ఎక్కింది. అలా ఎత్తిపట్టుకోవాలని గదిలో ఈమె నేర్పిందట. వంగి తాకింది. మళ్ళీ నిటారుగా నిలబడింది. ఏదీ జారలేదు.

"చూశావమ్మా?" అన్నాను పక్కకు తిరిగి.

ఆమె కూర్చునే నిద్రపోతోంది. పన్నెండు గంటల డ్యూటీ. పేరు బిళ్ళ గుండెల మీద పైకీ కిందకీ కదులుతోంది. అక్షింతల పళ్ళెం మా వరుసకు వచ్చింది. నేను తీసుకోకుండా పక్కకు ఇచ్చేయబోయాను. ఈమె కళ్ళు తెరవకుండానే చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి నా అరచేతిలో పోసింది.

"మీరే వెయ్యండన్నయ్యా. నాకు లేచే ఓపిక లేదు. ఇది నా వంతు, మీ వంతు, వదిన వంతు."

మేళం మోగింది. కూర్చునే విసిరాను. చాలా దూరం. అక్షింతలన్నీ రెండు వరుసల ముందున్న ఒక కుర్రాడి ఫ్లీస్ జాకెట్ మీద పడ్డాయి. అతను వెనక్కి తిరిగాడు. జాకెట్ దులుపుకోలేదు. భుజం మీద నిలిచిన గింజలు జాగ్రత్తగా ఏరి, వచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇంకోసారి వెయ్యండంకుల్. కొంచెం గట్టిగా."

ఈసారి లేచి నిలబడి వేశాను.