జోజమ్మ ఉపవాసం

మంచినీళ్ల పైపు జోజమ్మ ఇంటి ముందు నుంచే పోయింది. పోయిందంతే, ఆగలేదు. కారేపల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న ఆ ఊరికి ట్యాంకు కట్టినప్పుడు స్థలం తీసుకున్నది జోజమ్మ ఉండే బేతేలువాడ వాళ్లది. కాలువ తవ్విందీ ఆ వాడ కూలీలే. నల్లాలు మాత్రం పెద్దబజారులో పెట్టారు. వాడకు జోజమ్మే వార్డు మెంబరు. సర్పంచి రాంబాబు "మీకు వచ్చేసారి అక్కా" అంటే తలూపి ఇంటికొచ్చింది. గొడవెందుకని ఊరుకుంది. వాడ మళ్లీ బోరింగు నీళ్లే తాగింది.

ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉంది. జోజమ్మ పళ్ళ మీద చిన్నప్పుడే గోధుమరంగు చారలు పడ్డాయి. పెళ్లినాటి ఫొటోలో ఆమె పెదవులు బిగించుకునే ఉంది. నలభై దాటేసరికి పళ్ళు పెచ్చులూడాయి, చిగుళ్లు చెడ్డాయి, ఒక్కొక్కటే కదిలి రాలాయి. ఈమధ్యే హైదరాబాదులో ఒక దంతవైద్య కళాశాల వాళ్లు, నేర్చుకునే డాక్టర్లు చూడటానికని, ఆమెకు ఉచితంగా ఆపరేషను చేశారు. మిగిలిన పళ్ళన్నీ తీసేసి, దవడ ఎముకలోకి మరలు దింపి, పైనా కిందా పళ్ళవరుసలు బిగించారు. ఎముక మరల్ని పట్టుకోవడానికి నెలలు పడుతుందన్నారు. అప్పటిదాకా ఏదీ నమలొద్దు, కుట్లు మానేదాకా మాట్లాడటం కూడా తగ్గించమన్నారు.

ఇంకో మాట కూడా చెప్పారు. ఆమె వెంట మనవరాలు బ్లెస్సీ ఉంది, మూడేళ్ల పిల్ల. "ఈమెవి పాలపళ్ళు. అసలు పళ్ళు చిగుళ్ల కింద ఇప్పుడే తయారవుతుంటాయి. ఏ నీళ్లు తాగిస్తున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక జోజమ్మకు ఆ ప్రశ్నే పగలూ రాత్రీ. ఒంటిగది ఇల్లు, పైన రేకులు. మొహం ఉబ్బి కళ్లు చిన్నవయ్యాయి. నోట్లో ఎవరిదో సామాను పెట్టి తాళం వేసినట్టుండేది. మూలన కుండలో బోరింగు నీళ్లు. బ్లెస్సీ గ్లాసు ముంచి గటగటా తాగుతుంటే మంచంలోంచి చూస్తూ ఉండేది. లేవబోతే భర్త జకర్యా లేవనిచ్చేవాడు కాదు. కుట్లు తెగుతాయని ఆయన భయం. తలుపు దగ్గరికేసి తనే గుమ్మంలో కూర్చునేవాడు.

ఆయనకు ఇంకో భయం కూడా ఉంది. ఈ వయసులో పళ్ళ సోకేందని నవ్వుతారని. అందుకే వరసకు జోజమ్మకు చిన్నత్తయ్యే పక్కింటి ముసలి కన్నమ్మ ఏమైందని అడిగితే, "తినుడు బంద్ వెట్టింది, మాట్లాడుడు బంద్ వెట్టింది" అని ఊరుకున్నాడు.

ఆ వాడ చర్చిలో ఒక పద్ధతుంది. ఉపవాస ప్రార్థనకు కూర్చున్నవాళ్లు ఎందుకోసమో తమ నోటితో చెప్పకూడదు, ఎవరూ అడగకూడదు. తెలుసుకున్నవాళ్లు పక్కన కూర్చుంటే చాలు. కన్నమ్మ తెలుసుకుంది, లేదా తెలుసుకున్నాననుకుంది. కొత్త నల్లాల జాగాలు చూడటానికి ఇంజినీరు వస్తున్నాడని అప్పటికే ఊళ్లో అనుకుంటున్నారు. ఇంకేముంది, జోజమ్మ నీళ్ల కోసమే పస్తు ఉందని వాడంతా నమ్మింది. ఆడవాళ్లు చాపలు తెచ్చుకుని వాకిట్లో కూర్చున్నారు. కన్నమ్మకు సుగరు. అయినా ముద్ద ముట్టలేదు.

తలుపు వెనకాల జోజమ్మ రాగిజావ తాగుతోంది. బయట పాటలు వినిపిస్తుంటే గ్లాసు పక్కన పెట్టేసింది. చెప్పమని జకర్యాకు సైగ చేసింది. ఆయన నేల చూపులు చూశాడు. ఇప్పుడెట్ల చెప్పాలె, పరువు పోతది అన్నాడు.

కబురు రాంబాబుకు చేరింది. ఉపవాసమంటే పేపరువాళ్లు వస్తారని జంకి, ఇంజినీరును వెంటబెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. ఆడవాళ్లందరి ముందూ తలుపు తోసి, "అక్కా, పట్టుదల చాలియ్యి. నీ ఇంటి ముంగట ఒక నల్లా ఏపిస్త. రేపే. ఒక్క బుక్క తిను, లే" అన్నాడు.

ఒక్క నల్లా. బ్లెస్సీకి సరిపోతుంది. జోజమ్మ చేయవలసిందల్లా ఎప్పటిలా తలూపడమే. వాకిట్లో కన్నమ్మ గోడకు ఆనుకుని, చెమటలు పట్టి, కళ్లు మూసుకుని ఉంది.

జోజమ్మ గుమ్మం దాకా వచ్చింది. జకర్యా చెయ్యి అడ్డం పెడితే తప్పించింది. ఉబ్బిన పెదవుల్లోంచి మాట ముద్దముద్దగా వచ్చింది.

"నేను ఉపాసం లేను చిన్నత్తా. పళ్ళు ఏపిచ్చుకున్న. జావ తాగుతున్న."

పెదవి లాగి కుట్లు చూపించింది. తర్వాత రాంబాబు వైపు తిరిగింది. "నల్లా నా ఒక్కదానికి వద్దు. వాడ నడుమ పెట్టుండ్రి. పిల్లలకు నా తీరు కావొద్దు."

రాంబాబు ఊపిరి పీల్చుకున్నాడు. ఉపవాసమే లేనప్పుడు తొందరేముందన్నాడు. ఇంజినీరు జీపు ఎక్కాడు. ఇంటి ముందటి ఆ ఒక్క నల్లా కూడా జీపుతోపాటే పోయింది.

కన్నమ్మ ఒక కన్ను తెరిచింది. "నేను ఆకలికి సస్తుంటే లోపల జావ తాగుతున్నవా కోడలా? ఎన్ని పాటలు పాడిచ్చినవే?" జోజమ్మ ఏడ్చింది. ముసలమ్మ చెయ్యి చాపింది. "ఏడ్సుడు తర్వాత. మిగిలితే ఇటు తే."

జావ తాగి తేరుకున్నాక అంది: "రేపటి సంది పంచాయితీ ఆఫీసు ముంగట కూసుందాం. తినే కూసుందాం, సావకుండ."

వాళ్లు కూర్చున్నారు. ఇంకా కూర్చుంటూనే ఉన్నారు, కూలి లేని ప్రతి పొద్దునా. నల్లా రాలేదు. జోజమ్మ మాత్రం ఇంట్లోనే ఉంది. దవడ గట్టిపడేదాకా ఆమె గొంతెత్తి అరవడానికి లేదు, పదిమందిలో నిలబడి వాదించడానికి లేదు. నోరున్న మనం ఆ పని చేయాలి. ఈ నెలలో మీ ఊరి గ్రామసభ జరిగితే వెళ్లండి. ఏ వాడకు నల్లా లేదో లేచి అడగండి. మీ బోరింగు నీళ్లు ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపండి. పాలపళ్ళు ఊడని పిల్లలు ఏ నీళ్లు తాగుతున్నారో ముందు కనుక్కోండి. కారేపల్లి వైపు వస్తే, ఒక పొద్దు కన్నమ్మ పక్కన కూర్చోండి.