మామగారి లాప్‌టాప్‌లో లినక్స్

చేజేతులా పెళ్లి చెడగొట్టుకోవడానికి తాగనక్కర్లేదు, ఇంకొకరిని ప్రేమించనక్కర్లేదు. కాబోయే మామగారి లాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కిస్తే చాలు. ఎక్కించినవాణ్ణి కాబట్టే ఇంత ధీమాగా చెబుతున్నాను.

ఆయన పేరు ఇమ్మానుయేలు. మెట్టుగూడలో మా చర్చికి పెద్ద, రిటైరైన లెక్కల మాస్టారు, షారోన్ తండ్రి. పెళ్లికి ముందు మా చర్చిలో వరుసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు, ఫలానా అబ్బాయికీ అమ్మాయికీ పెళ్లి, అభ్యంతరం ఉంటే చెప్పండి అని. మాకు రెండు అయిపోయాయి. మూడోది కూడా అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటే సరిపోయేది.

ఆరాధనలో పాటలు తెర మీద వేసేది అంకుల్ లాప్‌టాప్ నుంచే. అది తెరుచుకునేలోపు మొదటి పాట సగం అయిపోయేది. నేనేమో సాఫ్ట్‌వేర్ వాణ్ణి. నోరు ఊరుకుంటుందా?

"దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మార్చి లినక్స్ వేస్తే పరుగెడుతుంది అంకుల్."

"పరుగెత్తకపోయినా పర్లేదు బాబూ. చెడకుండా ఉంటే అదే పదివేలు."

"చెడటమేంటంకుల్, నేనున్నానుగా."

ఆయన దాన్ని తువ్వాల్లో చుట్టి, సంచిలో పెట్టి, బైకు మీద ఎలా పట్టుకోవాలో కూడా చూపించి ఇచ్చారు. పిల్లనిస్తానన్నప్పుడు కూడా నాకు అన్ని జాగ్రత్తలు చెప్పలేదు.

లినక్స్ బాగానే ఎక్కింది. వైఫై పోయింది. తంటాలు పడి దాన్ని తెచ్చుకునేసరికి టచ్‌ప్యాడ్ పోయింది. అదీ వచ్చాక చూస్తే సౌండ్ లేదు. ఈ లినక్స్ పిచ్చి నాకు అంటించిన బోయిన్‌పల్లి మహేష్‌కు ఫోన్ చేశాను.

"సౌండ్ రావట్లేదురా. సండే స్కూల్ పిల్లలకు వీడియోలు వేసేదీ దీన్లోనే."

"ఏందిరా, గింత దానికే పరేషాన్ అయితున్నవ్? సెట్టింగ్స్‌ల ఏదో ఆఫ్ ఉండుంటది. అన్నీ ఆన్ జెయ్."

చెప్పినట్టు వినే అలవాటు నాకు ఎప్పుడూ లేదు, సరిగ్గా ఆరోజే వచ్చింది. కనిపించినవన్నీ ఆన్ చేశాను. చూపు లేనివారి కోసం తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సదుపాయం ఒకటుంది, అదీ ఆన్ చేశాను. సౌండే లేదు కాబట్టి అది చదువుతున్న సంగతి నాకు తెలియలేదు. పాపం, వారమంతా మనసులోనే చదువుకుంది.

ఆదివారం పొద్దున లాప్‌టాప్‌కు ప్రొజెక్టర్ కేబుల్ పెట్టి కూర్చున్నాను. లోపల గుబులుగానే ఉంది. సౌండ్ పోయిందని అంకుల్‌తో చెప్పెయ్యనా అని ఆ లాప్‌టాప్‌లోంచే మహేష్‌కు మెసేజ్ పెట్టాను. ఆదివారాలు వాడు ఆలస్యంగా లేస్తాడు, జవాబు లేదు. ఆరాధన మొదలైంది. పాటలు టకటకా తెర మీదికి వస్తుంటే అంకుల్ ముందు వరసలోంచి తిరిగి చూసి మెచ్చుకోలుగా తలూపారు. నా ఛాతీ ఉబ్బింది. పాటల హోరులో స్పీకర్లలోంచి ఏదో గొణుగుడు వినిపించింది గానీ, మైకు దగ్గర ఎవరో మాట్లాడుకుంటున్నారనుకున్నాను. లాప్‌టాప్‌లో రాని శబ్దం కేబుల్ గుండా ప్రొజెక్టర్‌కూ, అక్కణ్ణుంచి చర్చి స్పీకర్లకూ పోతోందని నాకేం తెలుసు?

పాటలయ్యాయి. పాస్టర్ అయ్యగారు లేచి మా ప్రకటన చదివారు.

"ఈ యిరువురి వివాహమునకు న్యాయమైన అభ్యంతరము ఎరిగినవారు ఎవరైనను ఉన్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను."

చర్చి నిశ్శబ్దమైంది. మహేష్ నిద్ర లేచాడు.

వాడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగును, తెలుగు గాలి సోకని ఒక మరమనిషి గొంతు చర్చి అంతటికీ చదివి వినిపించింది. "మామా. లాప్‌టాప్. ఖరాబ్ చేసినవని. అంకుల్‌కు చెప్పకు. ప్రకటన అయిపోయినంక. చూద్దాం."

అర్థం కానివారికి తెర మీద కూడా కనిపించింది.

ఆపేద్దామని టచ్‌ప్యాడ్ మీద ఎడాపెడా నొక్కాను, ఏదీ ఆగలేదు. షారోన్ కొంగు నోట్లో కుక్కుకుంది. అంకుల్ లేచి, నెమ్మదిగా నడిచి వచ్చి, నా పక్కన నిలబడ్డారు.

అప్పుడే స్పీకర్లు మళ్లీ మాట్లాడాయి. "రిప్లై ఇయ్యవేందిరా. అంకుల్. పక్కనే ఉన్నడా."

"ఉన్నాను నాయనా," అన్నారు అంకుల్ లాప్‌టాప్‌తో.

అయ్యగారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఇమ్మానుయేలు గారూ, దీన్ని అభ్యంతరం కింద తీసుకోమంటారా?"

అంకుల్ నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "వద్దండి అయ్యగారూ. బయట వదిలేస్తే ఇంకెంతమంది లాప్‌టాప్‌లు చెడగొడతాడో. అల్లుడైతే కనీసం కళ్ల ముందుంటాడు."

పెళ్లినాడు అయ్యగారు చెప్పించిన ప్రమాణాలన్నీ పైకి పలికాను. వాటి వెనకే ఇంకొకటి మనసులో చేసుకున్నాను: వేగములోను, నత్తనడకలోను, మామగారి లాప్‌టాప్‌ను ఉన్నది ఉన్నట్టుగానే ప్రేమింతునని, మరణము మమ్మును ఎడబాపు వరకు దాని సెట్టింగ్స్ జోలికి పోనని.