పిన్ని నక్షత్రం, చిన్నాన్న తెరచాప పడవ

నరసరావుపేట బస్టాండులో పొద్దున ఆరింటికి మాచర్ల బస్సెక్కాను. ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్, కిటికీ పక్క సీటు, సంచిలో కరెంటు చూసే మీటరు. నేను టీవీలు, రేడియోలు బాగుచేస్తాను. విజయపురి సౌత్‌లో ఉండే మా చిన్నాన్న సొంతంగా కట్టుకున్న తెరచాప పడవలో, ఒడ్డుతో మాట్లాడే రేడియో ఒకటే గోలట, నీటి లోతు చూపే మీటరు పిచ్చి అంకెలు వేస్తోందట. మర్నాడు పిన్నిని ఎక్కించుకుని, జలాశయం అవతలి ఒడ్డున ఉన్న ఆమె అక్క ఇంటికి క్రిస్మస్‌కి వెళ్లాలి. ఇన్నేళ్లలో ఆ పడవలో కాలు పెట్టని పిన్ని, రేడియో సరిగ్గా పలికితేనే ఎక్కుతానంది.

గురజాలలో ఒక పెద్దమ్మ మూటతో పక్కన కూర్చుంది. "పడవకి కరెంటు ఏందమ్మా?" అని అడిగి, నేను చెప్పిందంతా విని, "చానా ఉందే యవ్వారం" అంటూ నిద్రపోయింది. మాచర్లలో ఇడ్లీ తిని, బస్సు మారి, పదకొండున్నరకి దిగాను.

పగలంతా అన్నీ బుద్ధిగా పనిచేశాయి. నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చింది చేపల పులుసు తినడానికా? పులుసు మాత్రం బ్రహ్మాండం. పొద్దుగూకుతుండగా మొదలైంది గోల. రేడియో తప్ప మిగతా స్విచ్‌లన్నీ ఆపేశాను. తగ్గలేదు. విసుగొచ్చి తల పైకెత్తితే, తెరచాప స్తంభం మీద క్రిస్మస్ నక్షత్రం వెలుగుతోంది.

"దానికి కరెంటు ఎక్కడిది చిన్నాన్నా?"

ఆయన నీళ్లవైపు చూశాడు. "నేరుగా బ్యాటరీ నుంచే. చీకటి పడితే దానంతటదే వెలుగుద్ది. మీ పిన్ని కట్టించింది. తీసేస్తే ఎక్కదమ్మా."

నక్షత్రంలోని చవకరకం ఎల్‌ఈడీ దీపం పుట్టించే గోలంతా, దాని వైరుతో కలిపి కట్టిన రేడియో వైరులోకి ఎక్కుతోంది. నాకు నవ్వాగలేదు. చిన్నాన్న పాత స్కూటరు వెనక లైటు బల్బు పీకి నక్షత్రంలో పెట్టాను. వైర్లు విడదీశాను. గోల ఆగింది, లోతు మీటరు కుదురుకుంది. ఒడ్డున రెండో రేడియో పట్టుకున్న పిన్ని గొంతు స్పష్టంగా వినిపించింది. "ఏమే, నా నక్షత్రం పసుపుపచ్చగా అయిందేంది? బాగానే ఉందిలే."

పొద్దున్నే పిన్ని స్తోత్రం చెప్పుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని పడవెక్కింది. చిన్నాన్న ముఖం చూస్తే నాకే కళ్లు చెమర్చాయి. తెరచాప కనబడినంతసేపు చూసి బస్సెక్కాను. ఏ రిపేరుకి వెళ్లినా ఇంత సంతోషంగా తిరిగి రాలేదు.

మాచర్ల దాటాక చిన్నాన్నకి ఫోన్ చేశాను. "చేరారా?"

"యాడ చేరేది? ఒడ్డు దగ్గరపడగానే మళ్లీ తిప్పమంటంది."

వెనక నుంచి పిన్ని గొంతు. "అక్క యాడికి పోద్దిలే. ఇంకో చుట్టు తిప్పు."