దేవదానం సార్ సంతకం

ఆషాఢ మాసం, శుక్రవారం సాయంత్రం. ఉన్నవారు: నేను, నా భార్య అనసూయ, పక్కింటి పాల మల్లేశ్ కూతురు శ్రావణి.

బోనాలకు రెండు రోజుల ముందే మా గల్లీలో రోడ్డుకు అటూ ఇటూ సున్నం పోస్తారు. ఆ సాయంత్రం చిన్న వాన పడి, పోసిన సున్నమంతా తడిసి, దాని వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. తడి సున్నం వాసనకు నాకు ముందుగా గుర్తుకొచ్చేది ఫుట్‌బాల్ మైదానం. నేను పనిచేసిన వర్క్‌షాప్ వెనక మా మైదానంలో మ్యాచ్ రోజు పొద్దున్నే గీతలు గీసేవారు. ఆ గీత తొక్కకుండా, చెప్పులు చేతిలో పట్టుకుని దాటే మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన దేవదానం సార్. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా ఆ సాయంత్రం ఆయన మా గదిలోనే ఉన్నట్టు అనిపించింది. దానికి కారణం శ్రావణి తెచ్చిన ఫైలు.

శ్రావణి చరిత్రలో ఎమ్మే చదువుతోంది. పాతబస్తీ వర్క్‌షాపుల ఫుట్‌బాల్ జట్ల మీద సిద్ధాంత వ్యాసం రాస్తోంది. అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి నెల రోజులు తిరిగి పాత పేపర్లు చూసింది, ముసలి ఆటగాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మాటలు రికార్డు చేసుకుంది. అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప.

"తాతా, మీ వర్క్‌షాప్ కప్పు గెలిచిన మ్యాచ్‌ల గోల్‌కీపర్ ఖాజా అని అందరు చెప్తున్నరు. ఖాజా తాత గూడ నేనే అంటున్నడు. పేపర్ల చూస్తే నర్సింహ అని ఉన్నది. మా కాలేజీ సార్ ఏమో, మాటలు మంచిగనే ఉన్నయి, గని రాసి ఉన్న కాయితం ఒక్కటన్న చూపెట్టు, లేకుంటే ఖాజా ముచ్చట తీసెయ్యి అంటున్నడు. సోమవారం ఇచ్చెయ్యాలె."

అనసూయ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అంది: "కాయితాలకేం తక్కువ బిడ్డా మా ఇంట్ల. యాభై ఏండ్ల సంది రోజుకో పేజీ రాస్తుండు. నేను వండిన కూర పేరు ఒక్కనాడన్న రాసిండా అడుగు."

శ్రావణి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె వెతుకుతున్న కాగితం మా బీరువా కింది అరలో ఉందని నాకు తెలుసు. దాన్ని బయటికి తీస్తే ఏం చెప్పవలసి వస్తుందో కూడా తెలుసు.

దేవదానం సార్ మా వర్క్‌షాప్ టైమాఫీసుకు హెడ్డు. గేటు పక్క గదిలో కూర్చుని పన్నెండు వందల మందికి హాజరు వేసే పని మాది. నేను ఇరవై మూడో ఏట ఆయన దగ్గర గుమాస్తాగా చేరాను. ఐదు నిమిషాలు దాటి వచ్చినవాడికి పావు పూట జీతం కోత పడేది, వాడు ఎవరైనా సరే. ఒకరోజు ఆయన సొంత బామ్మర్ది ఆలస్యంగా వచ్చాడు. "బావా, రాత్రి మీ ఇంట్లనే పండుకున్న గద" అని బతిమాలాడు. సార్ రిజిస్టర్ మీంచి కళ్ళు తీయకుండానే, "ఒక్క కప్పు కిందనే పండుకున్నం. నేను లేసి వచ్చిన. నువ్వెందుకు లేవలే?" అన్నారు. కోత వేసి, మధ్యాహ్నం తన డబ్బాలో అన్నం అతనితోనే పంచుకుని తిన్నారు. ఆయన కోపం కాగితం దాటి వచ్చేది కాదు.

చేరిన మొదటి నెలలోనే గేటు దగ్గర ఇద్దరు కార్మికులు కలబడ్డారు. రిపోర్టు రాయమంటే, లొల్లి ఎట్లా మొదలైందో, ఎవరు ఏ తిట్టు తిట్టారో రెండు పేజీలు రాసి చూపించాను. సార్ ఓపికగా చదివారు.

"కథ మస్తుగున్నది రాజలింగం. ఎవరెవరున్నరు?"

"నేనున్న సార్."

"నువ్వొక్కనివేనా? చాయ్ పిలగాడు లేడా, వాచ్‌మన్ లేడా? ముందుగాల తారీఖు వెయ్యి. తర్వాత ఎవరెవరున్నరో రాయి. గా తర్వాతనే ఏమైందో రాయి. ఏమైందన్నది మనిషికో తీరుగ చెప్తరు. ఎవరున్నరో తెలిస్తే, రేపు అడగనీకి మనుషులు దొరుకుతరు."

ఆ రాత్రే నేను డైరీ మొదలుపెట్టాను. ఈ రోజుకూ ఆ వరుస మార్చలేదు.

సార్‌కు ఆట ఆడటం రాదు. కానీ మా ఫుట్‌బాల్ జట్టుకు మేనేజరు ఆయనే. జట్టు జాబితా మీద ఆయన సంతకం ఉంటే రెఫరీలు మళ్ళీ చూసేవారు కాదు. వర్క్‌షాపుల మధ్య జరిగే పోటీలో పర్మినెంట్ కార్మికులే ఆడాలని నియమం. మా గోల్‌కీపర్ ఫిట్టర్ నర్సింహ. ఫైనల్‌కు రెండు రోజుల ముందు అతని మోకాలు వాచిపోయింది. అతనికంటే గొప్ప గోల్‌కీపర్ మా దగ్గరే ఉన్నాడు. లోడింగ్‌లో పనిచేసే ఖాజా. చేటలంత చేతులు, బంతి ఎటు పోతుందో ముందే తెలిసినట్టు దుమికేవాడు. కానీ అతను రోజు కూలి, పర్మినెంట్ కాదు.

ఫైనల్ రోజు పొద్దున టైమాఫీసులో మేం నలుగురం ఉన్నాం. సార్ పది పేర్లు రాసి, పదకొండో పేరు దగ్గర పెన్ను ఆపారు. నర్సింహ కుంటుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"నా పేరే పెట్టుండ్రి సార్. మోకాలు ఖరాబైంది గని పేరు మంచిగనే ఉన్నది."

"పట్టుకుంటే నా నౌకరీ పోతది సాబ్" అన్నాడు ఖాజా.

"పట్టుకుంటే ముందుగాల నాది పోతది. సంతకం నాది" అన్నారు సార్. ఖాజా వైపు చూడకుండా, "వర్క్‌షాప్ పెద్దసార్ మ్యాచ్‌కు వస్తుండు. నీ ఆట ఒక్కసారి చూడనీ. తర్వాత నేను పోయి నిన్ను పర్మినెంట్ చెయ్యమని మాట్లాడ్త" అన్నారు. గోల్‌కీపర్ గడిలో నర్సింహ అని రాసి సంతకం పెట్టారు. ఐదు నిమిషాలను కూడా వదలని మనిషి చేతి నుంచి వచ్చిన అబద్ధం నాకు తెలిసినంతలో అదొక్కటే.

ఆ సాయంత్రం ఖాజా ఒక పెనాల్టీ ఆపాడు. జనం "ఖాజా, ఖాజా" అని అరవడం మొదలుపెట్టారు. అసలు పేరు బయటపడుతుందని మావాళ్ళు భయపడ్డారు. ఆ అరుపు వినబడకుండా అందరం లేచి "నర్సింహా" అని గొంతులు చించుకున్నాం. గట్టు మీద కాలు చాపుకుని కూర్చున్న నర్సింహ తన పేరు తానే అందరికంటే గట్టిగా అరిచాడు. కప్పు గెలిచాం. మర్నాడు పేపర్లో నర్సింహ ఆటను మెచ్చుకుంటూ రాశారు. అతను వర్క్‌షాప్ అంతా కుంటుతూ తిరిగి, "నా పేరు మస్తు దుంకిందట గదా" అంటూ అభినందనలు అందుకున్నాడు. ఖాజా కూడా పగలబడి నవ్వాడు.

ఆ వారంలోనే సార్ పెద్దసార్ గదికి వెళ్ళారు. పది నిమిషాల్లో తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. సార్ నోరు తెరవకముందే పెద్దసార్ నర్సింహను పొగడటం మొదలుపెట్టారట. ఆడింది ఖాజా అని చెబితే కప్పు పోతుంది, నర్సింహ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పెద్దసార్ చూసిన ఆట ఖాజాది కాకుండా పోతుంది. ఖాజాను నిలబెట్టడానికి రాసిన అబద్ధమే అతనికి అడ్డం నిలబడింది. రెండు నెలలకు రోజు కూలీలను తగ్గించారు. తీసేసినవాళ్ళ పేర్లు హాజరు పుస్తకంలో కొట్టేయవలసింది మా ఆఫీసే. ఖాజా పేరు మీద గీత సార్ తన చేత్తోనే గీశారు. ఆ రోజు ఆయన డబ్బా విప్పలేదు.

సాయంత్రం గది తాళం వేస్తూ అడిగారు. "రాజలింగం, ఫైనల్ దినం ముచ్చట డైరీల రాసినవా?"

"రాసిన సార్."

"రేపు పట్కరా."

తీసుకెళ్ళాను. నిలబడే చదివారు. నేను తారీఖు వేశాను, ఎవరి పేరు మీద ఎవరు ఆడారో రాశాను. ఉన్నవారు అన్నచోట మాత్రం మూడు పేర్లే రాశాను: నర్సింహ, ఖాజా, నేను. సార్ పెన్షన్‌కు ఇంకా మూడేళ్ళే ఉంది. డైరీ ఎవరి చేతిలో పడుతుందో అన్న భయం ఒకటి. ఆయన పేరు అబద్ధం పక్కన రాయడానికి నా చేయి రాకపోవడం ఇంకొకటి.

"ముగ్గురే ఉన్నరు. సంతకం గాలికి పడ్డదా?"

"మీరు రిటైరైనంక రాస్త సార్."

ఆయన పుస్తకం మూసి నా చేతిలో పెట్టారు. గొంతులో కోపం లేదు. "నన్ను కాపాడుతున్న అనుకుంటున్నవు. సంతకం పెట్టినోడు లేకుంటే ఖాజా ఆడిండంటే ఎవరు నమ్ముతరు? వాని పేరు నేను ఒకసారి కొట్టేసిన, నువ్వింకోసారి కొట్టేస్తున్నవు."

ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. రిటైరయ్యాక నేను వాళ్ళింటికి వెళితే సాసర్లో చాయ్ పోసిచ్చి, పిల్లల చదువులు అడిగేవారు. ప్రతిసారీ ఈ నెల రాస్తాను అనుకుంటూ తిరిగి వచ్చేవాణ్ణి. ఆయన సమాధి మీద మట్టి వేసిన రోజు కూడా అనుకున్నాను. రాయలేదు.

శ్రావణికి డైరీ తీసి ఇచ్చాను. ఆమె ఆ పేజీని అక్షరాలకు వేలు తగలకుండా అంచు పట్టుకుని చదివింది. "ఖాజా తాత పేరున్నది" అంది మెల్లగా. మళ్ళీ చదివి, నేను భయపడ్డదే అడిగింది. "తాతా, జట్టు లిస్టు మీద సంతకం ఎవరిది?"

అంతా చెప్పాను. చెప్పి, పెన్ను మూత తీసి ఆ పాత పేజీ మీదికి వంగాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు తాతా. పాత పేజీల ఇయ్యాల్టి సిరా పడితే ఆ పేజీ మొత్తం ఎవరు నమ్మరు. ఇయ్యాల్టి తారీఖు మీద రాయి. అప్పుడెందుకు రాయలేదో గూడ రాయి."

"సార్ పేరు చెడిపోతదేమో బిడ్డా."

"చదివెటోళ్ళు ఏమనుకుంటరో నాకు తెల్వది. ఆయన నిన్ను ఏం అడిగిండో నీకు తెలుసు గద."

దేవదానం సార్ కూడా ఇంతే చెప్పేవారు, ఇంత తక్కువ మాటల్లోనే. ఆ శుక్రవారం పేజీలో తారీఖు వేసి, ఉన్నవారి పేర్లు రాసి, ఆయన సంతకం సంగతి మొత్తం రాశాను. నాలుగు వాక్యాలకు అరగంట పట్టింది. అనసూయ చాయ్ పెట్టి వెళ్ళింది. ప్రేమ కొద్దీ ఒక మనిషి పేరు దాచడం ఆ మనిషి మాట కాదనడమే అవుతుందని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మర్నాడు పొద్దున శ్రావణి, నేను ఆటోలో గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్ళాం. బోనాల గిరాకీతో బంతిపూల గుట్టల మధ్య నడవడానికి దారి లేదు. ఖాజా కొడుకు అక్కడ గులాబీల దుకాణం నడుపుతున్నాడు. ఖాజా లోపల ముక్కాలిపీట మీద కూర్చుని కత్తితో కాడల ముళ్ళు గీకుతున్నాడు. "క్లర్క్ సాబ్" అంటూ లేవబోయి, మోకాళ్ళు పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. శ్రావణి రెండు పేజీలూ చదివి వినిపించింది. తన పేరు వచ్చినప్పుడు అతను కదలలేదు. సార్ పేరు వచ్చినప్పుడు చేతిలో కత్తి పక్కన పెట్టాడు.

"ఆయన పేరెందుకు బేటీ? నా కోసం చేసిండు. తీసెయ్."

"రాయమన్నది ఆయనే ఖాజా భాయ్. నేనే ఇన్నేండ్లు రాయలే" అన్నాను.

ఖాజా ఒళ్ళో పడిన ముళ్ళు దులుపుకున్నాడు. "నువ్వు రాసేదాంట్ల నా పేరు ఏడ వస్తది?"

"పైన తాతా, గోల్‌కీపర్ అని" అంది శ్రావణి.

"ఆయనది?"

"కింద. సంతకం పెట్టినాయన అని."

"కింద వద్దు. నా పక్కకు పెట్టు. ఆ దినం గోల్‌ల నేనొక్కన్నే నిలబడలే."

శ్రావణి గులాబీల బుట్ట మీద ఫైలు ఆనించి, రెండు పేర్లూ ఒకే వరుసలో రాసింది. ఖాజాకు తెలుగు చదవడం రాదు. తడి చేతులు లుంగీకి తుడుచుకుని కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

"ఇందుల ఆయనది ఏది?" అని అడిగాడు.

వేలు పెట్టి చూపించాను.